ఈ సంతకం నిజమైనదేనా? సైనికుల పుస్తకాలతో ఇంట్లో నేర్పదగిన ఒక పాఠం



ఈ నెల పాఠం సిలబస్‌లో లేనిది. అయినా చదవడం, ఉత్తరం రాయడం, చరిత్ర, కాస్త సైన్స్, కాస్త డబ్బు జాగ్రత్త అన్నీ ఇందులో ఉన్నాయి. సైన్యంలో పెద్ద బాధ్యతలు మోసిన వాళ్లు రాసి, స్వయంగా సంతకం చేసిన పుస్తకాలను సేకరించడం గురించి ఈ పాఠం. ముందు ఇది ఎందుకు రాయవలసి వచ్చిందో చెబుతాను. ఆ కుటుంబం సరేనన్న తర్వాతే, పేర్లు లేకుండా రాస్తున్నాను.

పోయిన ఆగస్టులో మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒక పుస్తకం క్లాసుకు తెచ్చాడు. రిటైర్ అయిన ఒక సైన్యాధికారి ఆత్మకథ అది. దుబాయ్‌లో పని చేస్తున్న వాళ్ల డాడీ, కొడుకు పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఇంటికి పంపించారు. మొదటి పేజీల్లో ఒకచోట నల్లగా రచయిత సంతకం ఉంది. మామూలు ప్రతి రూ.400 అయితే, "రచయిత సంతకం చేసిన ప్రతి" అని దీన్ని రూ.3,800కు అమ్మారు. పిల్లలంతా చుట్టూ మూగారు. నాకూ సంతోషమేసింది. ఆగస్టు 15న అసెంబ్లీలో అందరికీ చూపించాను. తర్వాత లైబ్రరీలోని అద్దాల బీరువాలో పెట్టి, పక్కన ఒక స్లిప్ రాసి నిలబెట్టాను: "రచయిత తన చేత్తో సంతకం చేసిన పుస్తకం". స్లిప్ కింద నా సంతకం పెట్టాను.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు, ఆఖరి బెల్ కొట్టాక ఆ అబ్బాయి క్లాసులోనే నిలబడిపోయాడు.

"మేడం, నా బుక్కు ఆ బీరువాలకెల్లి తీసేస్తరా?"

ఎందుకురా అంటే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు. సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపుకు వెళ్లాడట. అక్కడ అదే పుస్తకం ఐదారు ప్రతులున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. అన్నింట్లోనూ అదే సంతకం, అదే పేజీలో, అదే చోట. అది పుస్తకంతో పాటు అచ్చు వేసిన సంతకం. వీళ్లకు వచ్చింది మామూలు రూ.400 ప్రతే.

"డాడీకి చెప్పొద్దు మేడం" అన్నాడు.

తాను మోసపోయానన్న బాధ కన్నా డాడీ చిన్నబోతారన్న బాధే వాడికి ఎక్కువ. సెలవులన్నీ ఆ మాట ఎవరికీ చెప్పకుండా మోశాడు. ఇక నా సంగతి. చదివిన ప్రతిదాన్నీ ప్రశ్నించమని రోజూ చెప్పే టీచర్‌ని, అమ్మినవాళ్ల మాట చూసి నమ్మేశాను. చూడని విషయానికి నేనే సాక్షి సంతకం పెట్టాను. డాడీకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం అని వాడితో అన్నాను. నా స్లిప్ మాత్రం మర్నాడే తీసేసి, అది నా తప్పు అని క్లాసులో చెప్పాను. ఆ రోజు నుంచి మేం మొదలుపెట్టిన పాఠమే ఇది.

పుస్తకం మీద సంతకం ఏం చెబుతుంది?

మనలో చాలామంది పిల్లల్ని బాసరకు తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తాం. పలక మీద మొదటి అక్షరం దిద్దించిన నాటి నుంచి, బ్యాంకు ఫారం మీద సొంతంగా పేరు రాసే నాటి వరకు చేతిరాత పిల్లవాడితో పాటు పెరుగుతుంది. సంతకం అంటే "ఈ మాటకు నాది పూచీ" అని అర్థం. పుస్తకం మీద రచయిత సంతకం ఇంకొక మాట కూడా చెబుతుంది: వేల ప్రతుల్లో ఈ ఒక్క ప్రతి ఆ మనిషి చేతిలోకి వెళ్లి వచ్చింది.

దీనికి గొప్ప ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో యాకూత్ అల్ ముస్తాసిమీ అనే ప్రసిద్ధ లేఖకుడి చేతిరాతతో ఉన్న ఖురాన్ ప్రతి ఒకటుంది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి సంతకాలున్నాయి. తండ్రి, కొడుకు, మనవడు. సైన్యాలను నడిపిన ముగ్గురు చక్రవర్తులు ఒకే పుస్తకం మీద తమ గుర్తు వదిలారు. పుస్తకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ సంతకాలే చెబుతాయి. హైదరాబాద్ వెళ్లినప్పుడు పిల్లలకు గడియారంతో పాటు చేతిరాత గ్రంథాల విభాగం కూడా చూపించండి.

ఈ రోజుల్లో సంతకం ఉన్న పుస్తకాలు నాలుగు రకాలుగా దొరుకుతాయి.

ఒకటి, ఒట్టి సంతకం మాత్రమే ఉన్నది. రెండు, "ఫలానా వారికి శుభాకాంక్షలతో" అని పేరు రాసి ఇచ్చినది. ఇందులో చేతిరాత ఎక్కువ ఉంటుంది కాబట్టి నిజమో కాదో పోల్చడం తేలిక. మూడు, పుస్తకంలోని సంఘటనలతో సంబంధం ఉన్న మనిషికి రచయిత ఇచ్చినది. ఉదాహరణకు అదే యూనిట్‌లో కలిసి పని చేసిన సహచరుడికి ఇచ్చిన ప్రతి. సేకరించేవాళ్లు దీనికి ఎక్కువ విలువ ఇస్తారు. నాలుగు, విడిగా ఒక చీటీ మీద సంతకం చేయించి పుస్తకంలో అతికించినది. సంతకం నిజమే, కానీ పుస్తకం రచయిత చేతికి వెళ్లి ఉండకపోవచ్చు. ఆ సంగతి అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

అచ్చు వేసిన సంతకం ఈ నాలుగింటిలోనూ చేరదు. ముఖచిత్రం ఎలాగో అదీ అలాగే, పుస్తకానికి అలంకారం. పబ్లిషర్ దాన్ని అచ్చు వేయడం తప్పు కాదు. దాన్ని చేతి సంతకం అని చెప్పి అమ్మడమే తప్పు.

ఎవరి పుస్తకాలతో మొదలుపెట్టవచ్చు?

ముందు మామూలు ప్రతి కొని చదివించండి. నచ్చితేనే సంతకం ఉన్న ప్రతి గురించి ఆలోచించవచ్చు. చదవని పుస్తకం మీద ఎంత గొప్ప సంతకం ఉన్నా పిల్లవాడికి అది ఒక గీతే. ఇవన్నీ ఇంగ్లీష్ పుస్తకాలు. పై తరగతి పిల్లలు మీ సాయంతో చదవగలరు.

జనరల్ కె.వి. కృష్ణారావు గారు 1923లో విజయవాడలో పుట్టారు. 1942లో సైన్యంలో చేరి, 1981 నుంచి 1983 వరకు భారత సైన్యాధిపతిగా పని చేశారు. 1971 యుద్ధంలో సిల్హెట్ ప్రాంతంలో పోరాడిన 8వ మౌంటెన్ డివిజన్‌కు ఆయనే నాయకుడు. తర్వాత జమ్మూకశ్మీర్‌కూ, ఈశాన్య రాష్ట్రాలకూ గవర్నర్‌గా ఉన్నారు. 'ప్రిపేర్ ఆర్ పెరిష్' 1991లో, జ్ఞాపకాల పుస్తకం 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్' 2001లో వచ్చాయి. ఒక తెలుగు అబ్బాయి అంత ఎత్తుకు ఎలా వెళ్లాడో తెలుసుకోవాలంటే రెండోదానితో మొదలుపెట్టవచ్చు.

ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివారు. 1978 నుంచి 1981 వరకు వైమానిక దళాధిపతి. ఆయన జీవిత చరిత్రను భార్య బిల్కీస్ లతీఫ్ గారు రాశారు. ఇలాంటి పుస్తకం మీద రచయిత్రి సంతకం ఉందా, కథానాయకుడి సంతకం ఉందా, ఇద్దరిదీ ఉందా అన్నది చూడాల్సిన విషయం.

లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ గారి 'సరెండర్ ఎట్ ఢాకా' 1997లో వచ్చింది. 1971 డిసెంబర్ 16న పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినప్పుడు జాకబ్ గారు అక్కడే ఉన్నారు. మన దేశ సైనిక చరిత్రలో ఇంతకన్నా ప్రసిద్ధమైన సంతకం లేదనుకుంటాను. ఆ పత్రం మీద సంతకం చేసే సమయం 16:31 అని ముందే టైప్ చేసి ఉందనీ, తన చేతి గడియారం మాత్రం 16:55 చూపించిందనీ ఆయన రాశారు. ఇది క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయారు. అంత పెద్ద పత్రం మీద రాసిన సమయాన్ని కూడా సరిచూసుకోవాలన్నమాట.

బ్రిగేడియర్ జె.పి. దళ్వీ గారి 'హిమాలయన్ బ్లండర్' 1969లో వచ్చింది. 1962లో చైనా యుద్ధంలో 7వ బ్రిగేడ్‌కు నాయకత్వం వహించి, పట్టుబడి, నెలల తరబడి యుద్ధ ఖైదీగా ఉన్నారు. గెలుపు కథలే కాదు, ఓటమి ఎందుకు వచ్చిందో రాసిన పుస్తకం కూడా పిల్లలు చదవాలి.

జనరల్ వి.పి. మాలిక్ గారి కార్గిల్ పుస్తకం 2006లో వచ్చింది. ఆ యుద్ధ సమయంలో సైన్యాధిపతి ఆయనే. మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో గారి 'పరమ్ వీర్' లో పరమవీర చక్ర గ్రహీతల కథలున్నాయి. 1971లో మందుపాతర మీద కాలు పడి, నుజ్జయిన ఆ కాలిని తన ఖుక్రీతోనే తీసేసుకుని, కృత్రిమ కాలితో బెటాలియన్‌కు నాయకత్వం వహించిన మనిషి ఆయన. అధ్యాయాలు చిన్నవి. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా సరిపోతాయి.

నిజమో కాదో చూసే ఆరు ప్రశ్నలు

నిర్మల్ వాళ్లకు ఒక విద్య పుట్టుకతోనే వస్తుంది. బొమ్మ చేతిలోకి తీసుకోగానే అది పొనికి చెక్కదా కాదా అని బరువును బట్టి చెప్పేస్తారు. పొనికి తేలిక. రంగు ఎంత బాగున్నా బరువు అబద్ధం చెప్పదు. పుస్తకాన్నీ అలాగే చేతిలోకి తీసుకుని ప్రశ్నలు అడగాలి.

1. అది సిరానా, అచ్చా? భూతద్దం కానీ ఫోన్ కెమెరా జూమ్ కానీ చాలు. పెన్ను గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా చిక్కగా కనిపిస్తుంది. బాల్ పెన్ అయితే పేజీ వెనక వేలితో తడిమినప్పుడు నొక్కు తగులుతుంది. అచ్చు గీత అంతటా ఒకేలా ఉంటుంది, లేదా సన్నని చుక్కలుగా విడిపోతుంది. పక్కనున్న అచ్చు అక్షరాల నలుపూ, సంతకం నలుపూ ఒకేలా ఉంటే అనుమానించాలి. మా పుస్తకంలో ఉన్నది అదే. నేను చూడలేదు.

2. ఆ ప్రతి అచ్చయ్యేనాటికి రచయిత బతికి ఉన్నారా? దళ్వీ గారు 1974లో చనిపోయారు. ఆ తర్వాత పునర్ముద్రించిన ప్రతి మీద ఆయన సంతకం ఉండే అవకాశమే లేదు. అచ్చు వివరాల పేజీలో సంవత్సరం చూడటం పిల్లలకు నేర్పండి. సంవత్సరం లేకపోతే ఐఎస్‌బీఎన్ చూడండి. 13 అంకెల ఐఎస్‌బీఎన్ 2007 నుంచి వాడుకలోకి వచ్చింది. అది అచ్చు వేసి ఉంటే ఆ ప్రతి దాదాపుగా ఆ కాలానిదో, తర్వాతిదో. కృష్ణారావు గారు, జాకబ్ గారు ఇద్దరూ 2016 జనవరిలో కన్నుమూశారు. వాళ్ల పుస్తకాలకూ ఇదే లెక్క.

అమెరికాలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. అంతర్యుద్ధంలో గెలిచిన జనరల్ యులిసిస్ గ్రాంట్, గొంతు క్యాన్సర్‌తో బాధపడుతూనే తన జ్ఞాపకాలు రాశారు. పుస్తకం పని ముగించిన కొద్ది రోజులకే 1885 జులైలో చనిపోయారు. రచయిత మార్క్ ట్వైన్ సంస్థ దాన్ని ఆ ఏడాది చివర్లో విడుదల చేసింది. మొదటి సంపుటంలో గ్రాంట్ చేతిరాతతో, సంతకంతో అంకిత వాక్యం అచ్చు వేశారు. తాత పెట్టెలో ఆ పుస్తకం దొరికి, నిజమైన సంతకమే అనుకున్న కుటుంబాలు ఎన్నో. పుస్తకం బయటికి వచ్చేనాటికే మనిషి లేరు. తేదీలు రెండూ పక్కపక్కన రాసి చూస్తే ఐదో తరగతి పిల్లవాడు కూడా జవాబు చెబుతాడు.

3. హోదా సరిపోతుందా? సైన్యంలో హోదా కాలంతో మారుతుంది. సంతకం కింద రాసిన హోదా, తేదీ, ఆ మనిషి ఉద్యోగ చరిత్రతో కలవాలి. 2001 పుస్తకం మీద కృష్ణారావు గారి పేరు పక్కన "లెఫ్టినెంట్ జనరల్" అని ఉంటే ఆగి ఆలోచించాలి. 1981లోనే ఆయన పూర్తి జనరల్.

4. మరో సంతకంతో పోలుస్తే ఎలా ఉంది? నిజమైన సంతకాలు రెండు ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఉండవు. మీరే ఒక కాగితం మీద పది సార్లు సంతకం చేసి పిల్లలకు చూపించండి. రెండు సంతకాలు గీత గీతకూ కలిశాయంటే అవి అచ్చువో, ఆటోపెన్ యంత్రంతో చేసినవో కావచ్చు. పైగా వయసుతో చెయ్యి మారుతుంది. నలభై ఏళ్ల నాటి సంతకం ఎనభై ఏళ్ల నాటి దానిలా ఉండదు.

5. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ సంతకం చేయించుకున్నారు? ఫోటో, ఉత్తరం, సభ ఆహ్వానపత్రం, బిల్లు ఏదైనా ఉందా? సాలార్‌జంగ్ గ్రంథం మీద మూడు తరాల సంతకాలు చేస్తున్న పని ఇదే.

6. అమ్మేవాళ్లు ఏమని రాశారు? "చేతితో చేసిన సంతకమా, అచ్చా, అతికించిన చీటీయా?" అని కొనే ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సంతకం పేజీ ఫోటో దగ్గరగా తీసి పంపమనండి. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో చూసుకోండి. పార్సెల్ వచ్చిన రోజే విప్పి పరిశీలించండి. మా అబ్బాయి విషయం తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది.

అచ్చూ, నిజమైన సంతకమూ ఒకే పేజీలో కలిసి ఉండటం కూడా సాధ్యమే. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో మిత్రసేనలను నడిపిన ఐసెన్‌హోవర్ పుస్తకం 'క్రుసేడ్ ఇన్ యూరప్' 1948లో వచ్చింది. దాని ప్రత్యేక ప్రతులు 1,426 మాత్రమే వేశారు. అందులో ఆయన సైనికులకు పంపిన సందేశం అచ్చు వేసి, దాని కింద ఆయన చేత సంతకం చేయించారు. కాబట్టి "అచ్చు ఉంది కనుక అంతా అబద్ధం" అనే తొందరా పనికిరాదు. చూసిన తర్వాతే మాట.

డబ్బు కన్నా ఉత్తరం మేలు

సంతకం కొనడం కన్నా అడిగి తెచ్చుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనకు, పుస్తకావిష్కరణ సభలకు రచయితలు వస్తుంటారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే, ఎవరో ఎవరికో రాసిచ్చిన ప్రతులు మామూలు ధరకే కనిపిస్తాయి.

ప్రయాణం కుదరకపోతే ఉత్తరం ఉంది. మన పిల్లలు పరీక్ష కోసం ఫార్మల్ లెటర్ నేర్చుకుంటారు. ఎప్పుడూ ఎవరికీ పోస్టు చేయరు. ఈసారి నిజంగా పోస్టు చేయించండి. పుస్తకం అచ్చు వేసిన సంస్థ చిరునామాకు, రచయిత పేరు మీద రాయాలి. మూడు పేరాలు చాలు. నేను ఎవరిని. మీ పుస్తకంలో ఫలానా పేజీలో ఫలానా విషయం నన్ను ఆలోచింపజేసింది, ఒక ప్రశ్న ఉంది. వీలైతే సంతకం చేసి పంపగలరా. స్టాంపు అంటించి స్కూల్ చిరునామా రాసిన కవరు జతచేయాలి. పుస్తకాన్ని మాత్రం ముందే పంపకండి, జవాబు వచ్చాక చూద్దాం. జవాబు రాకపోతే రెండోసారి వెంటపడవద్దు. వాళ్లు వయసు మళ్లినవాళ్లు, అలసిపోయి ఉండవచ్చు.

కొన్ని హద్దులు పిల్లలకు ముందే చెప్పండి. ఉద్యోగంలో ఉన్న సైనికులను వాళ్ల యూనిట్ ఎక్కడుందని అడగకూడదు. ఎవరి ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ గ్రూపుల్లో పెట్టకూడదు. సంతకం చేయించుకుని మర్నాడే అమ్మకూడదు.

వానాకాలంలో పుస్తకం కాపాడటం

మన దగ్గర వానలు ఎక్కువ, గోడలు చెమ్మగిల్లుతాయి. పుస్తకాలను బయటి గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా నిలబెట్టి పెట్టండి. కిటికీ ఎండ నేరుగా పడితే సిరా వెలిసిపోతుంది. సంతకం పేజీకి లామినేషన్, సెల్లోటేపు వద్దే వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ కవరులో బిగించి మూసేస్తే లోపలే బూజు పడుతుంది. నెలకోసారి తీసి, పొడి గుడ్డతో తుడిచి, పేజీలకు గాలి తగలనివ్వండి. చెదలూ, పురుగులూ ఉన్నాయేమో అప్పుడే తెలుస్తుంది.

ప్రతి పుస్తకానికి ఒక చిన్న కార్డు రాయించండి: ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు, ఎవరి ద్వారా, మనం ఏమేం పరిశీలించాం. కార్డు విడిగా ఉండాలి. పుస్తకంలో ఏమైనా రాయాలంటే పెన్సిల్‌తోనే, తేలికగా.

సంతకం దొరకని వాళ్లు

ఈ సేకరణలో ఎప్పటికీ ఖాళీగా ఉండే చోటు ఒకటి ఉంటుంది. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్‌లో అమరులయ్యారు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరులయ్యారు. ఇద్దరికీ మహావీర చక్ర ఇచ్చారు. జ్ఞాపకాలు రాసుకునే వయసు వాళ్లకు రాలేదు. ఇంకా వెనక్కి వెళితే, 1860లో మన నిర్మల్‌లోనే రాంజీ గోండును, ఆయన అనుచరులు వెయ్యి మందిని ఉరితీశారని మన పెద్దలు చెబుతారు. వెయ్యి ఉరుల మర్రి పేరు మనందరికీ తెలుసు. ఆ పోరాటం గురించి వాళ్ల చేతి అక్షరం ఒక్కటీ మన దగ్గర లేదు. పుస్తకం రాసిన వాళ్లే వీరులని పిల్లలు అనుకోకుండా, ఈ మాట తప్పక చెప్పండి.

మన ఊళ్లలో రిటైర్ అయిన జవాన్లు, హవల్దార్లు ఉన్నారు. వాళ్లు పుస్తకాలు రాయలేదు. పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్లి, "తాతా, మీరు మొదటిసారి ఇల్లు విడిచి వెళ్లిన రోజు చెప్పండి" అని అడిగించండి. యుద్ధం గురించి, పోయిన స్నేహితుల గురించి వాళ్లంతట వాళ్లు చెబితేనే వినాలి. విన్నది ఒక పేజీలో రాసి, మళ్లీ వెళ్లి చదివి వినిపించాలి. తప్పులుంటే ఆయన దిద్దుతారు. "సరిగ్గా రాసినవ్" అన్నాక, ఇష్టమైతే కింద సంతకం చేయమనాలి. ఆ సంతకం నిజమో కాదో ఎవరూ పరిశీలించనక్కరలేదు. మాట విని, సరిచూసి, పూచీ పడి చేసిన సంతకం అది.

ఈ నెల ఇంట్లో

మొదటి వారం: ఇంట్లో ఉన్న ఏ పుస్తకమైనా తీసి, అచ్చు వివరాల పేజీ పిల్లల చేత చదివించండి. రెండో వారం: భూతద్దంతో మీ సంతకాన్నీ, ఏదైనా కరపత్రం మీది అచ్చు సంతకాన్నీ పోల్చించండి. మూడో వారం: పైన చెప్పిన పుస్తకాల్లో ఒకదాని నుంచి ఒక్క అధ్యాయం. పుస్తకాలు లైబ్రరీలో అడగండి. నాలుగో వారం: ఒక ఉత్తరం, లేదా ఊళ్లోని ఒక సైనికుడి గురించి ఒక పేజీ. ఇంగ్లీష్‌లో రాసినా, తెలుగులో రాసినా సరే. నాకు పంపండి, నేను చదువుతాను.

ఆ పుస్తకం ఏమైంది?

నవంబర్‌లో ఒక రాత్రి వీడియో కాల్‌లో ఆ అబ్బాయే డాడీకి చెప్పేశాడు. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు వాళ్ల అమ్మ గారు నాతో అన్నారు: "ఓవర్‌టైం చేసిన పైసలతోని కొన్నడు మేడం. కాసేపు ఏం మాట్లాడలే. మళ్ల, 'నువ్వెట్ల కనిపెట్టినవ్ రా?' అని అడిగిండు. ఇగ వీడు గంటసేపు చెప్పిండు." అమ్మినవాళ్లకు రాశారట, జవాబు రాలేదు.

సంక్రాంతికి ఆయన సెలవు మీద వచ్చారు. ఆ పుస్తకం తీసుకుని చదివారు. తిరిగి వెళ్లే ముందు, కొడుకు అడిగితే, మొదటి ఖాళీ పేజీలో రెండు ముక్కలు రాసి తేదీ వేశారు: "లోపల ఉన్నది అచ్చు సంతకం. నా కొడుకు కనిపెట్టిండు." కింద ఆయన సంతకం ఉంది. బాల్ పెన్‌తో గట్టిగా నొక్కి రాశారు. పేజీ వెనక వేలు పెడితే తగులుతుంది.

పుస్తకం ఇప్పుడు మళ్లీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉంది. పక్కన కొత్త స్లిప్ ఆ అబ్బాయే రాశాడు. నేను చదివి, సరిచూసి, కింద సంతకం పెట్టాను.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్,
నిర్మల్